మూత రాని చేతికి ఏ సాధనం నప్పుతుంది?

తిరుపతిలో మాది మందుల షాపు. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల వైపు నుంచి వచ్చే చీటీలే ఎక్కువ. మందులు సంచిలో వేసుకుని, చిల్లర తీసుకుని, అయినా కౌంటరు దగ్గర్నుంచి కదలని వాళ్ళు రోజూ కొందరుంటారు. "టానిక్కు మూత నువ్వే తీసిచ్చేయ్ నాయనా, ఇంటికాడ ఎవురూ లేరు" అంటారు. తీసిస్తాం. రాత్రి కొడుకో కోడలో ఆ మూతని మళ్ళీ గట్టిగా బిగిస్తారు. పొద్దున వాళ్ళు పనికి పోయాక ఆ సీసాకి సీలున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇంట్లో మా అమ్మది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం. ఆమె కోసం కొన్నవీ, కొని మూలన పడేసినవీ, నేనే చేసి పాడుచేసినవీ, షాపుకొచ్చే వాళ్ళ చేతుల్లో పెట్టి చూసినవీ అన్నీ కలిపి ఈ పోలిక రాస్తున్నాను. మొదట్లో నేను ఏ మూతకి ఏ ఓపెనర్ అని వెతికాను. దాంతో డబ్బు చాలా పోయింది. చూడాల్సింది మూతని కాదు, చేతిని.

చూడటం కష్టమేమీ కాదు. కొత్త నీళ్ళ బాటిల్, ఒక మాత్రల స్ట్రిప్, ఒక పాల ప్యాకెట్ బల్ల మీద పెట్టి తెరవమనండి. సలహాలివ్వకుండా ఊరికే చూడండి. మూత మీద వేళ్ళు జారిపోతున్నాయా? అయితే తగ్గింది పట్టు. వేళ్ళు మూతని పట్టాయి గానీ తిప్పబోయి "అబ్బా" అని వదిలేశారా? అక్కడ కీలు నొప్పి, లేదా సత్తువ చాలకపోవడం. కీళ్ళవాతం, బొటనవేలి మొదట్లో అరుగుదల, 2006లో చికున్‌గున్యా సీమంతా చుట్టేశాక కొందరికి మిగిలిపోయిన కీళ్ళ నొప్పులు, ఇవన్నీ ఈ రకమే. బాటిల్‌ని ఛాతీకి అదుముకుని ఒక్క చేత్తోనే పెనుగులాడుతున్నారంటే పక్షవాతం తర్వాత రెండో చెయ్యి రావడం లేదన్నమాట. వణుకు జబ్బు పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి సత్తువ ఉన్నా గురి కుదరదు.

ఇంకో రకం చెయ్యి ఉంది. మూత సులభంగా తీసేస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. షుగరుతో వేళ్ళు మొద్దుబారిన వాళ్ళు, కుష్ఠు నయమైనా స్పర్శ తిరిగి రాని వాళ్ళు. రేకు అంచు తెగినా, సీసా వేడెక్కినా వాళ్ళకి తెలియదు. ఎంత గట్టిగా నొక్కుతున్నారో కూడా తెలియదు. పదునైనవీ, వేడినీళ్ళ చిట్కాలూ ఈ చేతులకి దూరంగా ఉంచాలి.

మూతలు: రబ్బరా, పిడా, కరెంటా

అన్నిటికంటే చవకైనది రబ్బరు ముక్క. సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగితే ఊరికే ఇస్తారు. జానెడు ముక్క కోసి, నిలువునా చీల్చి, సబ్బుతో కడిగి మూత మీద కప్పి తిప్పండి. జారే చేతికి ఇంతకు మించింది అక్కర్లేదు. కానీ రబ్బరు పట్టునిస్తుందే తప్ప బలాన్నివ్వదు. నొప్పి చేతికి ఇది ఇస్తే ఇంకా గట్టిగా పట్టుకుని ఇంకా నొప్పి తెచ్చుకుంటారు. మా అమ్మకి జరిగింది అదే.

బలం కావాలంటే పిడి పొడవుండాలి. 7 సెంటీమీటర్ల మూతని వేళ్ళతో తిప్పితే నడిమి నుంచి మూడున్నర సెంటీమీటర్ల దూరంలో తోస్తున్నట్టు. అదే మూతకి పిడి ఉన్న ఓపెనర్ తగిలించి, నడిమి నుంచి పదిహేడున్నర సెంటీమీటర్ల దగ్గర తోస్తే అయిదో వంతు బలం చాలు. చేంతాడు పొడవు పిడి అక్కర్లేదు, మూరలో సగం చాలు. ఇక్కడ రెండు రకాలు దొరుకుతాయి. మూతని పళ్ళతో కరిచి పట్టే పిడి ఒకటి, మెకానిక్కులు ఆయిల్ ఫిల్టర్ విప్పడానికి వాడే పట్టీ రెంచి లాంటిది ఇంకొకటి. రెండోది అన్ని సైజులకీ వస్తుంది గానీ, పట్టీని మూత చుట్టూ దూర్చి లాగడానికే చురుకైన వేళ్ళు కావాలి. వణికే చేతికి అది శిక్ష. అడకత్తెరలా రెండు రెక్కలు కలిపి నొక్కే ఓపెనర్లు కూడా ఉన్నాయి. వాటిని నేను ఎవరికీ చెప్పను, నొప్పి ఉన్న బొటనవేలినే మళ్ళీ పని చేయమంటాయి.

ఓపెనర్ కొనేముందు ఒకటి చూడాలి. వేడి మీద నింపి మూత బిగించిన జామ్, సాస్ సీసాల్లో చల్లారాక లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది, బయటి గాలి మూతని అదిమేస్తుంది. లోపల ఒత్తిడి సగానికి పడిపోయిందనుకుంటే, 7 సెంటీమీటర్ల మూత మీద సుమారు ఇరవై కిలోల బరువు కూర్చున్నట్టే లెక్క. దాన్ని తిప్పడానికి పోరాడటం దండగ. స్పూను కొస మూత అంచు కింద పెట్టి కొంచెం పైకి లేపితే "టప్" మంటుంది. గాలి లోపలికి పోయింది, ఇక మూత మామూలు మూతే. ఈ పనికే పుట్టిన చిన్న తాళంచెవి లాంటి సాధనం కూడా అమ్ముతారు. పైసా పైసా చూసుకునే ఇంట్లో నా ఓటు దానికే, ఆ తర్వాతే పిడి ఓపెనర్. ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసాకి మాత్రం ఈ మంత్రం పారదు. అక్కడ మూతని పట్టేసేది గాలి కాదు, మరల్లో ఎండిపోయిన ఉప్పూ కారమూ. వడ్డించాక మరలు తుడవడమే మందు.

ఒంటి చేతి వాళ్ళకి అలమారా అడుగున మరలతో బిగించే, పళ్ళున్న వీ ఆకారపు పట్టీ మంచిది. మూతని ఆ పళ్ళ మధ్య ఇరికించి, కింద సీసాని మొత్తం చేత్తో తిప్పడమే. అయితే కిలో సీసాని ఎత్తి పట్టుకోవాలి కదా, భుజం కూడా పడిపోయిన వాళ్ళకి అది కుదరదు. వాళ్ళకి వంటింటి సొరుగు చాలు. సీసాని సొరుగులో నిలబెట్టి, తుంటితో సొరుగుని నెట్టి బిగించి, ఉన్న చేత్తో పిడి తిప్పుకోవచ్చు. ఖర్చు లేదు.

బ్యాటరీతో నడిచే ఓపెనర్ సంగతి. ఆన్‌లైన్‌లో తెప్పించాను. అది వచ్చిన గట్టి ప్లాస్టిక్ పెట్టెని తెరవడానికి నాకే కత్తెరా, కత్తీ, కొంత తిట్టూ పట్టాయి. పని మాత్రం బాగానే చేసింది. మీట నొక్కితే అదే మూతని పట్టుకుని తిప్పేస్తుంది. మూడు నెలలకి బ్యాటరీలు అయిపోయాయి. బ్యాటరీ అర తలుపు తెరవాలంటే గోరు పెట్టి నొక్కి జరపాలి, అది అమ్మ వల్ల కాదు. రెండు చేతులూ నొప్పే, పగలంతా ఒక్కరే, సీసాలు ఎక్కువగా వాడతారు అనుకుంటేనే కొనండి. చిన్న టానిక్కు మూతలకి అది పట్టదు కూడా. చిన్న మూతలకీ నీళ్ళ బాటిల్‌కీ గరాటులా ఉండే రబ్బరు టోపీ మేలు.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చే విటమిన్ డబ్బాల గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. "మూత తిరుగుతా ఉంది, ఊడి రాదు." అది పాడవలేదు. పిల్లలు తెరవకుండా నొక్కి తిప్పే మూత అది. కెనడాలో హెన్రీ బ్రో అనే పిల్లల డాక్టరు చొరవతో 1967లో మొదలైంది. అమెరికాలో 1970లో చట్టమే వచ్చింది. నొక్కడం, తిప్పడం ఒకేసారి చెయ్యాలంటే నొప్పి చేతికి రెట్టింపు పని. డబ్బాని జారని రబ్బరు మీద పెట్టి, అరచెయ్యి మోపి, ఒంటి బరువు దాని మీద వేసి తిప్పితే వస్తుంది. అంతకంటే తేలిక, అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో ముందే చెప్పడం. చీటీ లేకుండా కొనేవాటిలో ఒక సైజుని మామూలు మూతతో అమ్మే వీలు, డాక్టరు చీటీ మందులకి మామూలు మూత అడిగి తీసుకునే వీలు ఆ చట్టంలోనే ఉన్నాయి. మనవలు సెలవులకొచ్చినప్పుడు ఆ డబ్బా అటక ఎక్కాలి, అది మరిచిపోకండి.

పొద్దున్నే పాల ప్యాకెట్

కీళ్ళవాతం చెయ్యి అన్నిటికంటే మొండికేసేది నిద్ర లేచిన మొదటి గంటలో. పాల ప్యాకెట్ తెరవాల్సిందీ అప్పుడే. మా అమ్మ చాలాకాలం పళ్ళతో చించింది, ముందు పన్ను ఒకటి కదిలేదాకా.

మామూలు కత్తెరకి రెండు పనులు. మూయడమూ వేళ్ళే, తెరవడమూ వేళ్ళే. దర్జీ దగ్గర దారం తెంపే చిన్న కత్తెర ఉంటుంది చూడండి, చిమటాలా వంగి, తనంతట తానే తెరుచుకునేది. దానికి వేళ్ళు దూర్చే పని లేదు, గుప్పిట్లో పెట్టి నొక్కితే చాలు. గాంధీ రోడ్డులో కుట్టు సామాను అమ్మే చోట కొన్నాను. స్ప్రింగు ఉన్న పెద్ద కత్తెర ఇంకా హాయిగా ఉంటుంది గానీ ధర ఎక్కువ. దారం కత్తెర కొసలు పదును, అందుకే వణికే చేతికీ స్పర్శ లేని చేతికీ అది వద్దు.

కదిలేది పనిముట్టు కాకుండా ప్యాకెట్టే అయితే? మన కత్తిపీట పద్ధతి అదే కదా. కత్తి కదలదు, వంకాయ కదులుతుంది. అందుకే చేతులు వంకర్లు పోయిన ముసలమ్మలు కూడా కత్తిపీట ముందు కూర్చుంటే గబగబా తరిగేస్తారు, చాకు ఇస్తే చేతకాదంటారు. ఆ కిటుకుతోనే వచ్చింది సన్నని గాడిలో బ్లేడు దాచిన ప్యాకెట్ కట్టర్. దాన్ని గట్టు అంచుకి అతికించేస్తే ప్యాకెట్ మూలని గాడిలో లాగితే చాలు, వేలు బ్లేడుకి తగలదు. ఒంటి చేతికీ, వణుకుకీ, స్పర్శ లేని చేతికీ, ముగ్గురికీ నేను చెప్పేది ఇదొక్కటే. ఏది వాడినా ప్యాకెట్‌ని ముందు పాలగిన్నెలో నిలబెట్టి కొయ్యండి, ఒలికితే గిన్నెలోకే ఒలుకుతాయి.

నూనె ప్యాకెట్ జోలికి పోవద్దు. అయిదో పదో ఎక్కువైనా బాటిల్‌లో కొనుక్కోండి. పాతకాలం చెనక్కాయల పొట్లానికి ఏ సాధనమూ అక్కర్లేదు, దారం లాగితే విచ్చుకునేది. అది వేరే కథ.

మాత్రలు

ఇక్కడ కాస్త ఆగి చదవండి, తప్పు జరిగితే ఒలికేది పాలు కాదు.

మాత్రలు రెండు రకాల అట్టల్లో వస్తాయి. రెండు వైపులా అల్యూమినియం రేకు ఉన్నది స్ట్రిప్, చించాలి. ప్లాస్టిక్ బుడగలో మాత్ర కనబడేది బ్లిస్టర్, నొక్కాలి. చించడానికి గోరూ వేలికొసల పట్టూ కావాలి, నొక్కడానికి బొటనవేలి బలం కావాలి. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్ళకి బ్లిస్టర్ కష్టం, వేళ్ళు మొద్దుబారిన వాళ్ళకి స్ట్రిప్ కష్టం. అదే మందు ఒక కంపెనీది స్ట్రిప్‌లో, ఇంకో కంపెనీది బ్లిస్టర్‌లో రావచ్చు. ఈ మాట మా కౌంటర్లో అడిగేవాళ్ళు అరుదు, అడగండి. మూర్ఛ మందులు, థైరాయిడ్ మందులు మాత్రం డాక్టరుతో చెప్పకుండా కంపెనీ మార్చకండి.

బ్లిస్టర్‌కి కొనే సాధనం గుండ్రటి చిన్న పరికరం. మాత్రని పైనుంచి అరచేత్తో నొక్కితే కింద గిన్నెలో పడుతుంది. ఇంట్లోనే కావాలంటే చిన్న స్టీలు గ్లాసు మూతి మీద బ్లిస్టర్‌ని బుడగ పైకి వచ్చేలా పెట్టి, లావుపాటి మార్కర్ పెన్ను వెనక్కొసతో నొక్కండి. గట్టి మాత్రలకి ఇది చాలు, మెత్తటి జెల్ గుళికలు మాత్రం చితికిపోతాయి. స్ట్రిప్‌కి దారం కత్తెరే, వణికే చేతికీ స్పర్శ లేని చేతికీ తప్ప. ఒక్కో మాత్రనీ విడిగా కత్తిరించి డబ్బాలో పోసుకుంటారు కొందరు. అప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఏ ముక్క మీదో మిగిలిపోతుంది, మిగతా ముక్కలన్నీ పేరూ ఊరూ లేనివి. తేదీ ఉన్న వైపు చివరిదాకా ఉంచండి.

వారం మాత్రల డబ్బా, అంటే రోజుకొక అర ఉండేది, చాలామందికి వరమే. కొడుకో కూతురో ఆదివారం కూర్చుని నింపేస్తే వారమంతా స్ట్రిప్‌తో పని లేదు. కొనేటప్పుడు మూతలు చూడండి. గోరుతో లేపాల్సిన చప్పట మూతలవి వద్దు. మూత ముందుకు చొచ్చుకొచ్చి నాలుకలా ఉన్నదో, మీట నొక్కితే లేచేదో తీసుకోండి. షాపులోనే ఆ చేత్తోనే తెరిపించి చూడండి. నింపడంలో మూడు జాగ్రత్తలు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ గుళికలు, మూర్ఛకిచ్చే వాల్ప్రోయేట్ మాత్రలు తేమ తగిలితే చెడిపోతాయి. వాటిని రేకులోంచి తీసి డబ్బాలో వెయ్యకూడదు, రేకుతో సహా కత్తిరించి అరలో పెట్టండి. రెండోది, కీళ్ళవాతానికే ఇచ్చే మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్క రోజే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజుదో ఆ అరలోనే పడిందా అని ఇంకొకరు కూడా చూడాలి. మూడోది, రేకులోంచి బయటికొచ్చిన మాత్ర పిల్లల కళ్ళకి చాక్లెట్టే. తేలిగ్గా తెరుచుకునే డబ్బా మనవడికీ తేలిగ్గానే తెరుచుకుంటుంది.

కంటి చుక్కల మందుకి రెండు కష్టాలు. మూతలో ఉన్న ముల్లుతో మూతి పొడవాలి, తర్వాత గట్టి ప్లాస్టిక్‌ని నొక్కాలి. మొదటిది మా పని, వాడటం మొదలుపెట్టే రోజునే షాపులో పొడిపించుకోండి. తెరిచాక నెల దాటితే పారెయ్యాలి గనక ముందే పొడిపించుకుని దాచొద్దు. రెండోదానికి కంటి గుంట అంచున ఆనించి సీసాని నొక్కే సాధనాలు దొరుకుతాయి. కంటి శుక్లాల ఆపరేషన్ అయిన వాళ్ళు డాక్టరుకి చూపించి వాడాలి.

గ్యాస్ సిలిండర్ మూతకి ఏ సాధనమూ చెప్పను. తెచ్చిన అబ్బాయి చేతే దారం లాగించి, రెగ్యులేటర్ తగిలించి పొమ్మనండి.

తయారు చేద్దామనుకునే పిల్లలకి

ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కోసం షాపుకొస్తారు, ఫోన్‌లో త్రీడీ బొమ్మతో. ప్రింటింగ్‌తో మొదలుపెట్టకండి. నేనూ ఒకబ్బాయి చేత మా అమ్మ చేతి కొలతతో పీఎల్‌ఏ ప్లాస్టిక్ ఓపెనర్ ప్రింటు చేయించాను. ముచ్చటగా వచ్చింది. మే నెలలో ఒక మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో మరిచిపోయాను. సాయంత్రం తీస్తే అరిటాకులా వంగి ఉంది. పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మన ఎండలో మూసిన డిక్కీకి, వేడినీళ్ళ సింకుకి అది తగదు. పెట్‌జీ రకం ఇంకొంచెం వేడి తట్టుకుంటుంది. ఒకే చేతికి, ఒకే మూతకి అచ్చంగా సరిపోయేది కావాలన్నప్పుడు ప్రింటింగే గెలుస్తుంది. పదిమందికి ఒకే సాధనం కావాలంటే చెక్కా, దాని మీద అతికించిన సైకిల్ ట్యూబూ చాలు, విరిగితే ఏ వడ్రంగైనా బాగుచేస్తాడు. మొదటి నమూనాకి ఈ రెండూ కాదు, పైపులు కారితే పెట్టే ఎంసీల్ ముద్ద. పాత స్పూను పిడి చుట్టూ మెత్తగా ఉన్నప్పుడే ముద్దలా అద్ది, ఒక కవరు కప్పి, ఆ మనిషి చేతే పిడికిలి బిగించమనండి. వేళ్ళ అచ్చు పడుతుంది, ఆరాక అదే మీ డిజైన్. పిడి లావు మూడు, నాలుగు సెంటీమీటర్లు ఉంటే నొప్పి చేతికి సుఖం, సన్నటి పిడికి వేళ్ళు ఎక్కువ ముడవాలి.

అమెరికాలో శామ్ ఫార్బర్ చేసిన పనీ ఇలాంటిదే. ఆయన భార్య బెట్సీకి చేతుల్లో కీళ్ళనొప్పులు. తొక్క తీసే పీలర్ పట్టుకోలేకపోతోందని లావుపాటి మెత్తటి పిడితో వంటసామాను చేయించాడు, ఆక్సో పేరుతో 1990లో అమ్మకానికి వచ్చింది. జబ్బు లేనివాళ్ళు కూడా కొన్నారు. రోగుల సామానులా కనిపించకపోవడమే అందులో గొప్ప. మా అమ్మ ఒక సాధనాన్ని వాడకుండా దాచేసిన కారణం కూడా అదే, "ఆసుపత్రి వస్తువులా ఉంది, చుట్టాలొస్తే ఎట్లా?"

మీ నమూనాని పొద్దున ఆరింటికి పరీక్షించండి. కాలేజీ టైము పదకొండింటికి కీళ్ళు వదులై ఉంటాయి, అంతా బాగానే పనిచేస్తుంది, మీరు మోసపోతారు.

మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం 43వ సెక్షన్‌లో, అందరూ వాడగలిగేలా రూపొందించిన వస్తువుల తయారీని ప్రభుత్వం ప్రోత్సహించాలని ఉంది. 2015లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తేలిగ్గా తెరుచుకునే ప్యాకింగ్‌కి 17480 నంబరుతో ప్రమాణం కూడా రాసింది. పెద్దవాళ్ళకి ఉచిత సాధనాలిచ్చే వయోశ్రీ పథకం 2017లో మన పక్కనే నెల్లూరులో మొదలైంది. అప్పుడు ప్రకటించిన జాబితాలో చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు కూడా ఉన్నాయి. మూత తీసే సాధనం లేదు. ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో ఏం రాయాలని అడిగే పిల్లలకి ఇది రాయమంటాను.

కొర్లగుంట నుంచి వచ్చే ఒక అవ్వకి పోయిన నెల గరాటు రబ్బరు టోపీ ఊరికే ఇచ్చాను. టానిక్కు సీసాకి ఎట్లా పెట్టి తిప్పాలో నేర్పాను, రెండుసార్లు ఆమె చేతే తీయించాను, చక్కగా తీసింది. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. ఒక చేతిలో తెరవని సీసా, రొండిన దోపుకున్న రబ్బరు టోపీ. "ఇది శానా బాగా పని చేస్తాది నాయనా" అని టోపీ తీసి చూపించి, మళ్ళీ రొండిన దోపుకుని, సీసా నా ముందు పెట్టింది. "మూత నువ్వే తియ్యి. ఆ బల్ల ఇట్లా లాగు, కాసేపు కూసుంటా."